మూడు మాటల్లో మిగిలిపోయిన కర్ట్ లెవిన్: ఒక పరిశోధకుడి ప్రభావం ఎలా పెరుగుతుంది, ఎక్కడ కనుమరుగవుతుంది

## సంక్షిప్తంగా

సంస్థల్లో మార్పు గురించి చెప్పే పాఠ్యపుస్తకాలు సాధారణంగా మనస్తత్వ శాస్త్రవేత్త కర్ట్ లెవిన్ పేరుతోనే మొదలవుతాయి. ఆయన పేరు మీద చలామణీ అయ్యే 'అన్‌ఫ్రీజ్, చేంజ్, రీఫ్రీజ్' (కరిగించు, మార్చు, మళ్లీ గడ్డకట్టించు) నమూనా మాత్రం ఆయన రచనల్లో చాలా చిన్న భాగం. అది ఇప్పుడున్న రూపాన్ని ఆయన మరణించాక ఇతరుల చేతుల్లో సంతరించుకుంది. మరోవైపు, ఆయన ఏళ్ల తరబడి ప్రయోగాలు చేసి నిలబెట్టిన ఆలోచనలు వృత్తిలో ఎంతగా కలిసిపోయాయంటే, వాటిని రోజూ వాడేవారికి అవి ఎవరివో తెలియవలసిన అవసరమే లేకుండా పోయింది. ఉల్లేఖనల లెక్క, అంటే ఒకరి రచనను ఇతర పరిశోధకులు ఎన్నిసార్లు పేర్కొన్నారన్న సంఖ్య, మొదటిదాన్ని పెద్దది చేసి చూపుతుంది, రెండోదాన్ని అసలు చూపదు. ఈ తేడా ఎలా ఏర్పడిందో పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

## లెక్కకు వచ్చేది, లెక్కకు రానిది

పరిశోధకుల ప్రభావాన్ని అంకెల్లో చెప్పడం ఇప్పుడు మామూలైపోయింది. భౌతిక శాస్త్రవేత్త హోర్హే హిర్ష్ 2005లో ప్రతిపాదించిన హెచ్-ఇండెక్స్ ప్రకారం, ఒకరి వ్యాసాల్లో కనీసం 20 వ్యాసాలను ఒక్కొక్కదాన్నీ 20 సార్లకు తగ్గకుండా ఇతరులు ఉల్లేఖిస్తే ఆ వ్యక్తి సూచిక 20 అవుతుంది. నియామకాల్లోనూ పదోన్నతుల్లోనూ ఇలాంటి సూచికలకు ప్రాధాన్యం పెరగడంతో, వాటి మీద అతిగా ఆధారపడవద్దని 2013లో వెలువడిన శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన, 2015లో వచ్చిన లైడెన్ మానిఫెస్టో హెచ్చరించాయి. అయినా సూచిక సులువుగా దొరుకుతుంది, పుస్తకం చదవడానికి సమయం పడుతుంది. కాబట్టి అలవాటు అంత తొందరగా పోలేదు.

ఉల్లేఖన అనేది నిజానికి ఒకే రకమైన పని కాదు. ఒక రచయిత మరొకరి వాదనను ఆసాంతం చదివి, దానితో తలపడి, దాని మీద తన వాదనను నిర్మించినప్పుడు పేరు పేర్కొంటాడు. 'ఈ విషయం అందరికీ తెలిసిందే' అని చూపించడానికి బ్రాకెట్లో ఒక పేరు, ఒక సంవత్సరం పడేసినప్పుడూ పేరు పేర్కొంటాడు. లెక్కలో ఈ రెండింటికీ ఒకటే విలువ. మిఖాయిల్ సిమ్‌కిన్, వ్వాని రాయ్‌చౌధురి 2003లో ఉల్లేఖనల్లోని అచ్చుతప్పులను పరిశీలించారు. ఒకరు చేసిన తప్పునే తరువాతి వారు యథాతథంగా దింపుకుంటూ పోవడాన్ని బట్టి, మూల వ్యాసాన్ని నిజంగా చదివి ఉల్లేఖించేవారు సుమారు 20 శాతమేనని వారు అంచనా వేశారు. వారు చూసినవి భౌతిక శాస్త్ర వ్యాసాలు. కానీ మూలాన్ని తెరవకుండా మధ్యలో ఉన్న పాఠ్యపుస్తకం నుంచి పేరును మాత్రమే తీసుకునే వీలు మేనేజ్‌మెంట్ రంగంలో తక్కువేమీ కాదు. లెవిన్ విషయంలో జరిగింది అర్థం కావాలంటే ఈ వీలును గుర్తుపెట్టుకోవాలి.

## బెర్లిన్ నుంచి వర్జీనియా కర్మాగారం దాకా

లెవిన్ 1890 సెప్టెంబరు 9న అప్పటి ప్రష్యాలో, ఇప్పటి పోలండ్‌లో ఉన్న మొగిల్నో అనే ఊళ్లో యూదు కుటుంబంలో పుట్టాడు. మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ సైన్యంలో పనిచేసి గాయపడ్డాడు. ఆ తరువాత బెర్లిన్ విశ్వవిద్యాలయపు మనస్తత్వ శాస్త్ర సంస్థలో గెస్టాల్ట్ పండితులైన మాక్స్ వెర్ట్‌హైమర్, వోల్ఫ్‌గాంగ్ కోహ్లర్‌ల సరసన పనిచేశాడు. భాగాలను విడివిడిగా చూస్తే మొత్తం అర్థం కాదన్న ఆ సంప్రదాయపు మూలసూత్రమే ఆయన తరువాతి పనికంతటికీ పునాది. హిట్లర్ అధికారానికి వచ్చిన 1933లో ఆయన అమెరికా చేరుకున్నాడు. మొదట కార్నెల్, 1935 నుంచి అయోవా, చివరకు మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీ ఆయన పనిచేసిన చోట్లు. ఎంఐటీలో బృంద గతిశీలత (బృందాలు ఎలా నడుస్తాయి, ఎలా మారతాయి అన్న అధ్యయనం) పరిశోధనా కేంద్రాన్ని నెలకొల్పాడు. 1947 ఫిబ్రవరి 12న, 56 ఏళ్ల వయసులో, గుండెపోటుతో మరణించాడు. ఆయన తల్లి అప్పటికే నాజీ శిబిరంలో బలైపోయింది.

ఈ జీవిత రేఖను కేవలం నేపథ్యంగా చూసి వదిలేయడం సరికాదు. నిరంకుశత్వం కింద మామూలు మనుషులు ఎందుకు మారిపోతారు, ప్రజాస్వామిక పద్ధతిలో నడిచే బృందం అదే మనుషులతో మరోలా ఎలా ప్రవర్తిస్తుంది అన్నది ఆయనకు ప్రాణం మీదికి వచ్చిన ప్రశ్న. 1939లో రోనాల్డ్ లిపిట్, రాల్ఫ్ వైట్‌లతో కలిసి ప్రచురించిన ప్రయోగంలో పదేళ్ల ప్రాయపు బాలుర క్లబ్బులను మూడు రకాల నాయకత్వాల కింద ఉంచి గమనించారు. నిరంకుశ, ప్రజాస్వామిక, జోక్యం చేసుకోని నాయకత్వాలన్న విభజన మేనేజ్‌మెంట్ పాఠాల్లోకి వచ్చింది ఇక్కడి నుంచే. అదే బాలుడు ఒక వాతావరణం నుంచి మరో వాతావరణానికి మారగానే ప్రవర్తన మార్చుకోవడం ఆ ప్రయోగంలో అసలైన ఫలితం. దోషం మనిషిలో లేదు, మనిషి నిలబడిన చోట ఉంది అన్న ఈ సూచన లెవిన్ ఆ తరువాత రాసిన ప్రతి పుటలోనూ కనిపిస్తుంది.

## రెండు ప్రయోగాలు, ఒకే సూత్రం

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా జాతీయ పరిశోధన మండలికి చెందిన ఆహారపు అలవాట్ల సంఘం కోసం లెవిన్ పనిచేశాడు. దానికి కార్యదర్శి మానవ శాస్త్రవేత్త మార్గరెట్ మీడ్. మంచి మాంసం సైన్యానికి వెళ్తున్నందున ఇళ్లలో గుండె, మూత్రపిండాల వంటి భాగాలను వండేలా గృహిణులను ఒప్పించాలి. రెడ్‌క్రాస్ స్వచ్ఛంద సేవికల బృందాల్లో సగం వాటికి ఆకర్షణీయమైన ఉపన్యాసం ఇచ్చారు. మిగతా సగంలో అదే విషయాన్ని సభ్యులే చర్చించి, చివర్లో వండడానికి సిద్ధపడినవారు చేయి ఎత్తేలా చేశారు. కొన్నాళ్ల తరువాత విచారిస్తే, ఉపన్యాసం విన్నవారిలో 3 శాతం మంది మాత్రమే అంతకుముందెన్నడూ వండని భాగాన్ని వండారు. చర్చించి నిర్ణయించుకున్నవారిలో అలా వండినవారు 32 శాతం.

ఉపన్యాసం వింటున్నవారు గదిలో పక్కపక్కనే కూర్చున్నా ఎవరికి వారే. తన కుటుంబం ఏమంటుందో, చుట్టుపక్కలవారు ఏమనుకుంటారో అన్న సంకోచం ఒక్కొక్కరిలోనూ అలాగే ఉండిపోతుంది. చర్చలో మాత్రం ఆ సంకోచానికి మూలమైన బృంద ప్రమాణమే కదులుతుంది. మనిషిని బృందం నుంచి విడదీసి మార్చడం కన్నా బృందం ప్రమాణాన్ని మార్చడం తేలిక అని లెవిన్ దీన్నుంచి గ్రహించాడు. పై అంకెలను మాత్రమే గుర్తుపెట్టుకుంటే ఇదొక ప్రచార చిట్కాలా కనిపిస్తుంది. వెనుక ఉన్న ఈ యంత్రాంగమే దాన్ని సిద్ధాంతంగా నిలబెడుతుంది.

రెండో ప్రయోగ స్థలం వర్జీనియా రాష్ట్రం మారియన్‌లో ఉన్న హార్వుడ్ పైజామాల కర్మాగారం. దాని అధిపతి ఆల్‌ఫ్రెడ్ మారో స్వయంగా మనస్తత్వ శాస్త్రం చదివినవాడు, లెవిన్‌కు మిత్రుడు. 1939లో మొదలైన ఆ సంబంధం ఫలితాల్లో అత్యంత ప్రసిద్ధమైనదాన్ని లెస్టర్ కోక్, జాన్ ఫ్రెంచ్ 1948లో, అంటే లెవిన్ మరణించాక, ప్రచురించారు. పని పద్ధతిలో మార్పు వచ్చిన ప్రతిసారీ ఉత్పత్తి పడిపోవడం, కార్మికులు పని మానేయడం అక్కడి సమస్య. ఒక బృందానికి మార్పు గురించి ఊరికే తెలియజేశారు. మరో బృందం తరఫున కొందరు ప్రతినిధులు మార్పు రూపకల్పనలో పాల్గొన్నారు. ఇంకో రెండు బృందాల్లో సభ్యులందరూ పాల్గొన్నారు. ఊరికే తెలియజేసిన బృందంలో ఉత్పత్తి కోలుకోలేదు, మొదటి 40 రోజుల్లోనే 17 శాతం మంది పని మానేశారు. అందరూ పాల్గొన్న బృందాల్లో ఆ 40 రోజుల్లో ఒక్కరూ మానలేదు, ఉత్పత్తి మార్పుకు ముందున్న స్థాయిని దాటి సుమారు 14 శాతం పైకి చేరింది. బృందాలు చిన్నవి కావడం వల్ల ఈ అంకెలను సార్వత్రిక సత్యాలుగా తీసుకోవడానికి వీల్లేదు. అయితే నిజమైన కర్మాగారంలో, నిజమైన వేతనాల మధ్య, పోల్చి చూసే బృందాన్ని కూడా పెట్టి మార్పును పరీక్షించడం అప్పటికి అరుదైన సంగతి.

## నది గురించి రాసినవాడు మంచుగడ్డకు కర్త ఎలా అయ్యాడు

లెవిన్ చివరి సిద్ధాంత వ్యాసం రెండు భాగాలుగా 1947లో హ్యూమన్ రిలేషన్స్ పత్రికలో వెలువడింది. మొదటి భాగం ఆ పత్రిక తొలి సంచికలోనే జూన్‌లో, రెండోది నవంబరులో వచ్చాయి. మొదటి భాగంలో ఆయన బృంద జీవితాన్ని నదితో పోలుస్తాడు. ఒక కాలవ్యవధిలో నది ఒకే వేగంతో, ఒకే దిశలో పారుతున్నట్టు కనిపించినా అందులోని నీరు క్షణక్షణం మారుతూనే ఉంటుంది. బృంద జీవితం మార్పు లేకుండా ఎన్నడూ ఉండదని, మార్పు మోతాదులో, రకంలో మాత్రమే తేడాలుంటాయని స్పష్టంగా రాస్తాడు. నిలకడగా కనిపించే స్థితి అంటే రెండు వైపుల బలాలు ఒకదాన్నొకటి నిలబెట్టుకున్న స్థితి అన్నమాట. దాన్ని కదిలించడానికి ముందుకు నెట్టే బలాలను పెంచవచ్చు, లేదా అడ్డుకునే బలాలను తగ్గించవచ్చు. మొదటి దారిలో బృందంలో ఉద్రిక్తత పెరుగుతుంది, రెండో దారిలో తగ్గుతుంది. సంస్థల్లో మార్పు గురించి లెవిన్ చెప్పినవాటిలో ఆచరణకు బహుశా అన్నిటికన్నా పనికివచ్చే మాట ఇదే.

ఈ వ్యాసంలోనే, చివరికి దగ్గరలో, చిన్న ఉపశీర్షిక కింద మూడు దశల ప్రస్తావన వస్తుంది. ఒక మార్పు విజయవంతమైతే చాలదు, అది నిలవాలి, లేకపోతే బృందం పాత స్థాయికే జారిపోతుంది అన్నది అక్కడి ఆందోళన. అందుకే పాత స్థాయిని అవసరమైతే కరిగించడం, కొత్త స్థాయికి కదలడం, అక్కడ బృంద జీవితాన్ని గడ్డకట్టించడం అని మూడు అంశాలు చెప్పి ఆయన ముందుకు సాగిపోతాడు. 'అవసరమైతే' అన్న షరతు తరువాతి తరాల బొమ్మల్లో కనిపించదు. కొత్త బలాల పొందిక తేలిగ్గా చెదిరిపోకుండా చూడడమే ఆయన దృష్టిలో గడ్డకట్టించడం. సంస్థను రాయిలా మార్చడం ఆయన ఉద్దేశం కాదు.

ఇక్కడి నుంచి కథ ఇతరుల చేతుల్లోకి వెళ్తుంది. స్టీఫెన్ కమింగ్స్, టాడ్ బ్రిడ్జ్‌మన్, కెన్నెత్ బ్రౌన్ 2016లో అదే హ్యూమన్ రిలేషన్స్ పత్రికలో ఈ ప్రయాణాన్ని వెనక్కి తవ్వి చూపించారు. 'రీఫ్రీజింగ్' అనే మాట లెవిన్ రచనల్లో ఎక్కడా లేదని, ఆయన పూర్వ విద్యార్థి లియాన్ ఫెస్టింగర్ పాల్గొన్న 1950 నాటి ఒక పత్రంలో అది మొదట కనిపిస్తుందని వారి పరిశీలన. 1958లో లిపిట్, జీన్ వాట్సన్, బ్రూస్ వెస్ట్లీ ఈ దశలను మరింత విస్తరించి, మార్పు తెచ్చే నిపుణుడి పనిక్రమంగా మలిచారు. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్గార్ షైన్ 1961లో, చైనా చెరలో ఉన్న బందీల అభిప్రాయాలు ఎలా మారాయో వివరించడానికి ఈ మూడు దశలను వాడి, ఒక్కొక్క దశకూ మానసిక వివరణ జోడించాడు. 1980ల నాటికి మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాలు మూడు గడుల బొమ్మ వేసి, కింద లెవిన్ పేరు రాయడం స్థిరపడింది.

ఈ మార్గంలో ఎవరూ మోసం చేయలేదు. ప్రతి ఒక్కరూ తమకు ముందున్నవారి మీద గౌరవంతో ఒక చిన్న మార్పు చేశారు. ఆ గౌరవం వల్లే తమ మార్పును కూడా మూలపురుషుడి పద్దులోనే రాశారు. మరో కారణం పుస్తకాల చరిత్రలో ఉంది. డోర్విన్ కార్ట్‌రైట్ సంపాదకత్వంలో లెవిన్ వ్యాసాల సంకలనం 1951లో వచ్చింది. 1947 వ్యాసం అందులో పునర్ముద్రణ పొందింది. అందువల్ల నేటికీ వేలాది పత్రాల్లో 'లెవిన్ 1951' అన్న ఉల్లేఖన కనిపిస్తుంది, అంటే మరణించిన నాలుగేళ్లకు ఆయన ఈ నమూనాను ప్రతిపాదించాడన్న భావన కలుగుతుంది. సంవత్సరం చిన్న వివరమే. మూలానికీ పాఠకుడికీ మధ్య ఎంత దూరం ఏర్పడిందో మాత్రం అది బాగా చూపిస్తుంది.

ఇది లెవిన్ ఒక్కడి అనుభవమే కాదు. అబ్రహం మాస్లో పేరుతో ప్రతి తరగతి గదిలోనూ కనిపించే అవసరాల పిరమిడ్‌ను మాస్లో గీయలేదని, ఒక కన్సల్టెంట్ 1960లో రాసిన వ్యాసంలో అది మొదట కనిపించిందని బ్రిడ్జ్‌మన్, కమింగ్స్, జాన్ బల్లార్డ్ 2019లో తేల్చారు. బోధనకు బొమ్మ కావాలి, పరీక్షకు దశలు కావాలి, సలహాదారుకు క్రమం కావాలి. ఈ మూడు అవసరాలూ కలిసినప్పుడు ఒక పండితుడి రచనలో వాటికి సరిపోయే భాగం మాత్రమే బయటికి వస్తుంది.

## పేరు చెరిగిపోయిన ప్రభావం

సామాజిక శాస్త్రవేత్త రాబర్ట్ మెర్టన్ ఒక విచిత్ర పరిణామాన్ని గుర్తించాడు. ఒక ఆలోచన అందరి సొత్తుగా మారిపోయినప్పుడు దాని కర్తను పేర్కొనడం మానేస్తారు. అంటే ప్రభావం పరాకాష్ఠకు చేరినప్పుడు ఉల్లేఖన ఆగిపోతుంది. లెవిన్ విషయంలో ఇది మూడు దశల నమూనాకు సరిగ్గా వ్యతిరేక దిశలో జరిగింది.

1946 వేసవిలో కనెటికట్ రాష్ట్రంలో జాతి వివక్షను ఎదుర్కొనే కార్యకర్తలకు లెవిన్ బృందం ఒక శిక్షణ శిబిరం నడిపింది. పగటి చర్చల్లో ఎవరెలా ప్రవర్తించారో పరిశీలకులు సాయంత్రాలు కూర్చుని బేరీజు వేసేవారు. శిక్షణకు వచ్చినవారిలో కొందరు ఆ సమావేశాలకు తామూ వస్తామన్నారు, లెవిన్ ఒప్పుకున్నాడు. తమ గురించి పరిశీలకులు చెబుతున్నది విని, 'అలా కాదు, నేను అలా అన్నది ఇందుకు' అని వారు చర్చకు దిగడంతో, పగలు నేర్పినదాని కన్నా సాయంత్రం నేర్చుకున్నదే ఎక్కువని అందరికీ అర్థమైంది. ఈ అనుభవం నుంచే శిక్షణ బృందాల పద్ధతి పుట్టింది. మరుసటి ఏడాది మెయిన్ రాష్ట్రం బెతెల్‌లో నేషనల్ ట్రైనింగ్ లేబొరేటరీస్ మొదలై, సంస్థాగత అభివృద్ధి అనే వృత్తికే పుట్టిల్లుగా మారింది. లెవిన్ దాన్ని చూడలేదు. ఇప్పుడు ఏ సంస్థలోనైనా ఒక బృందం కూర్చుని తన పనితీరును తానే సమీక్షించుకుంటుంటే, ఎదుటివారి నుంచి ఫీడ్‌బ్యాక్ తీసుకుంటుంటే, ఆ గదిలో ఎవరూ ఆయన పేరు ఎత్తరు. ఎత్తవలసిన అవసరం కూడా వారికి లేదు.

ఆహారం ఇంట్లోకి ఏ దారుల గుండా వస్తుంది, ఆ దారుల్లో ద్వారం దగ్గర నిలబడి ఏది లోపలికి రావాలో నిర్ణయించేది ఎవరు అని లెవిన్ వేసిన ప్రశ్న కూడా ఇలాగే ప్రయాణించింది. గృహిణిని ఉద్దేశించి ఆయన వాడిన 'గేట్ కీపర్' అనే భావనను డేవిడ్ మానింగ్ వైట్ 1950లో వార్తలను ఎంచే పత్రికా సంపాదకుడికి అన్వయించాడు. ఇప్పుడది పత్రికా రచన అధ్యయనాల్లో మూల పదం. చర్యాత్మక పరిశోధన సంగతీ అంతే. 1946 వ్యాసంలో ఆయన దాన్ని ప్రణాళిక, ఆచరణ, ఫలితాల పరిశీలన అనే వలయాలు ఒకదాని మీద ఒకటిగా పైకి సాగే క్రమంగా వర్ణించాడు. ఇప్పుడది విద్య, వైద్యం, సమాజ సేవ రంగాల్లో స్వతంత్ర పద్ధతిగా నిలదొక్కుకుంది.

శిష్యుల ద్వారా సాగిన ప్రభావాన్ని లెక్కించడం ఇంకా కష్టం. ఫెస్టింగర్, కార్ట్‌రైట్, మార్టన్ డాయిచ్, హెరాల్డ్ కెల్లీ వంటివారు లెవిన్ సిద్ధాంతాన్ని యథాతథంగా మోయలేదు. ప్రతి ఒక్కరూ తమ సొంత సిద్ధాంతాన్ని నిర్మించుకున్నారు. నిజ జీవితపు సమస్యను ప్రయోగానికి లొంగే రూపంలోకి మార్చడం అనే నైపుణ్యాన్ని మాత్రం వారు ఆయన దగ్గర నేర్చుకున్నారు. 20వ శతాబ్దపు ప్రముఖ మనస్తత్వ శాస్త్రవేత్తల మీద 2002లో ప్రచురితమైన ఒక క్రమణిక లెవిన్‌కు 18వ స్థానం ఇచ్చింది. అందులో ఎంత భాగం ఆయన రచనలది, ఎంత భాగం ఆయన తయారుచేసిన మనుషులది అని విడదీయడం సాధ్యం కాదు.

## విమర్శ ఎవరి మీద

1990ల నుంచి మార్పు పరిశోధనలో లెవిన్‌ను విమర్శించడం ఒక ఆనవాయితీగా మారింది. రోజబెత్ మాస్ కాంటర్, బారీ స్టైన్, టాడ్ జిక్ 1992లో, సంస్థను మంచుగడ్డలా భావించే నమూనా వాస్తవానికి చాలా దూరమని తప్పుపట్టారు. కార్ల్ వైక్, రాబర్ట్ క్విన్ 1999లో మార్పును రెండు రకాలుగా విడదీశారు: అప్పుడప్పుడు ఉద్దేశపూర్వకంగా జరిగేది ఒకటి, నిరంతరం చిన్న సర్దుబాట్లుగా సాగేది మరొకటి. మొదటిదానికి లెవిన్ క్రమం సరిపోతుందని, రెండోదానికి మాత్రం వరస తిరగబడాలని వారి వాదన. అక్కడ ముందు ఒక క్షణం గడ్డకట్టించి జరుగుతున్నదాన్ని చూడాలి, ఆ తరువాత సర్దాలి, మళ్లీ కరిగించి సాగనివ్వాలి. ఈ విమర్శకు బలం ఉంది, ఎందుకంటే అది నమూనాను పారేయకుండా దాని పరిధిని గుర్తిస్తుంది. హరిదిమోస్ త్సూకాస్, రాబర్ట్ చియా 2002లో ఇంకా ముందుకు వెళ్లి, మార్పే సహజ స్థితి అని, సంస్థ అన్నదే ఆ ప్రవాహంలో తాత్కాలికంగా ఏర్పడే రూపమని వాదించారు.

ఈ చివరి వాదనను 1947 వ్యాసంలోని నది పోలిక పక్కన పెట్టి చదివితే, రెండింటి మధ్య దూరం అనుకున్నంత లేదని తెలుస్తుంది. విమర్శ తగిలినది లెవిన్ పేరు మోస్తున్న మూడు గడుల బొమ్మకు. బెర్నార్డ్ బర్న్స్ 2004లో ప్రచురించిన పునఃపరిశీలనలో సరిగ్గా ఈ సంగతే చెప్పాడు: క్షేత్ర సిద్ధాంతం (మనిషి ప్రవర్తనను అతని చుట్టూ ఉన్న బలాల మొత్తంతో వివరించేది), బృంద గతిశీలత, చర్యాత్మక పరిశోధన, మూడు దశలు అన్న నాలుగింటినీ లెవిన్ ఒకే దృక్పథంలోని భాగాలుగా భావించాడు, చివరిదాన్ని మాత్రమే విడదీసి కొట్టడం న్యాయం కాదు. అయితే బర్న్స్ వాదనలోనూ ఒక ఇబ్బంది ఉంది. మూడు దశలను మిగతా మూడింటితో సమాన స్థాయిలో నిలబెట్టడానికి లెవిన్ రచనల్లో తగినంత ఆధారం కనిపించదు, కమింగ్స్ బృందం పట్టుకున్నది ఈ అంశాన్నే. బిల్ కుక్ 1999లోనే మరో కోణం చూపించాడు. లెవిన్ వంటివారి ఆలోచనలకు వామపక్ష రాజకీయాలతో ఉన్న సంబంధాన్ని మేనేజ్‌మెంట్ చరిత్ర క్రమంగా తుడిచేసిందని ఆయన వాదించాడు. జాతి వివక్ష మీద, మైనారిటీల హక్కుల మీద చేసిన పని పక్కకు జరిగి, కర్మాగార ఉత్పత్తి మీద చేసిన పని మధ్యకు రావడం ఆ వాదనకు బలం ఇస్తుంది.

## తప్పుగా చదివితే ఆచరణలో ఏమవుతుంది

ఇదంతా పండితుల మధ్య పేరుప్రతిష్ఠల తగాదా అయితే ఇంత విస్తారంగా చెప్పుకోవలసిన పని లేదు. కానీ మూలం నుంచి జారిన భావన పని చేసే చోట మనుషుల మీద పడుతుంది. 'మార్పు పట్ల ప్రతిఘటన' అనే మాటే ఇందుకు మంచి ఉదాహరణ. లెవిన్ దృష్టిలో ప్రతిఘటించే బలం వ్యవస్థలో ఎక్కడైనా ఉండవచ్చు: వేతన విధానంలో, యంత్రాల అమరికలో, పర్యవేక్షకుడి అలవాటులో, బృందం తనకు తాను పెట్టుకున్న ప్రమాణంలో. ఎరిక్ డెంట్, సూసన్ గోల్డ్‌బెర్గ్ 1999లో చూపించినట్టు, తరువాతి దశాబ్దాల్లో ఆ మాట కింది స్థాయి ఉద్యోగి మనసులో ఉండే జబ్బుగా మారిపోయింది. దాంతో పరిష్కారమూ మారింది. వ్యవస్థను సరిదిద్దడానికి బదులు ఉద్యోగిని ఒప్పించడం, భయపెట్టడం, లేదా పంపించేయడం మీదికి దృష్టి మళ్లింది. హార్వుడ్ కర్మాగారంలో తేలినదానికి ఇది పూర్తిగా ఎదురు.

సంస్థల్లో మార్పు గురించి రాసిన జాన్ కాటర్‌తో లెవిన్‌ను పోలిస్తే మరో తేడా తెలుస్తుంది. 1995 వ్యాసంలో కాటర్ మార్పు ప్రయత్నాలు విఫలమవడానికి ఎనిమిది కారణాలు చెప్పాడు. 1996 పుస్తకంలో అవే ఎనిమిది దశలయ్యాయి. ఆ పుస్తకంలో ఆధార గ్రంథాల సూచనలే లేవు, అయినా అది అధికారుల మధ్య విపరీతంగా వ్యాపించి, తిరిగి పరిశోధకుల ఉల్లేఖనల్లోకి వచ్చింది. కాటర్ దశలను నేరుగా దశలుగానే రాశాడు కాబట్టి ఆయన్ని ఉల్లేఖించేవారు ఆయన చెప్పినదాన్నే ఉల్లేఖిస్తున్నారు. లెవిన్ విషయంలో అలా కాదు. ఇద్దరి ఉల్లేఖనల సంఖ్యలు పక్కపక్కనే పెట్టి ఎవరి ప్రభావం ఎక్కువ అని అడగడం, రెండు వేర్వేరు వస్తువులను ఒకే తక్కెడలో తూచడం లాంటిది. షైన్ ప్రభావం ఈ ఇద్దరికీ మధ్యస్థమైనది. 2023 జనవరిలో మరణించే దాకా ఆయన లెవిన్ దశలను సవరిస్తూ వచ్చాడు. మారకపోతే ఏమవుతామో అన్న ఆందోళన కన్నా, కొత్తది నేర్చుకోలేమేమో అన్న భయం పెద్దదైతే మనిషి కదలడని, కాబట్టి ఆ రెండో భయాన్ని తగ్గించాలని చెప్పాడు. అడ్డుకునే బలాలను తగ్గించమన్న లెవిన్ మాటకు ఇది నేరుగా కొనసాగింపు. 'లెవిన్ మూడు దశలు' అని ఉల్లేఖించే చాలాచోట్ల పాఠకుడికి నిజానికి అందుతున్నది షైన్ వివరణ.

1947 వ్యాసం రెండో భాగం లెవిన్ మరణించిన తొమ్మిది నెలలకు వెలువడింది. బృంద జీవితంలోని దారులు, ద్వారపాలకులు, సామాజిక ప్రణాళిక, చర్యాత్మక పరిశోధన అందులోని విషయాలు. మార్పు నిలిచిందో లేదో ఎలా తెలుస్తుంది, అడుగు తప్పితే ఎవరు కనిపెడతారు, కనిపెట్టాక ప్రణాళికను ఎలా తిరగరాయాలి అన్న ప్రశ్నలకు ఆయన జవాబు అక్కడుంది: ప్రతి అడుగు తరువాతా ఫలితాన్ని కొలిచి, ఆ కొలతను బట్టి తరువాతి అడుగును నిర్ణయించుకోవాలి, ఆ పనిలో సంబంధిత బృందమే పాలుపంచుకోవాలి. మూడో గడి తరువాత ఏమిటని పాఠ్యపుస్తకపు బొమ్మను అడిగితే దాని దగ్గర జవాబు లేదు. లెవిన్ ఆ జవాబును అదే వ్యాసంలో, తరువాతి సంచికలో రాసి పెట్టాడు.